తొమ్మిదో ప్లేటు

గురువారం మధ్యాహ్నం ఒకటీ నలభైకి అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ గేటు ముందు స్కూటీ ఆపాను. నాలుగింటికి మారయ్యను పోలీసులకు అప్పజెబుతారట. రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఒక మనిషి జైలుకు పోకుండా ఆపాలి. గడియారం వైపు చూడాలంటేనే ఒళ్లు మండుతోంది, చూడకుండా ఉండలేకపోతున్నాను.

నా పేరు అన్నపూర్ణ. మెహిదీపట్నంలో జిరాక్స్ షాపు పైన ఒక గది, ఒక ఫోను, ఒక బోర్డు. రోజువారీ పని పెళ్లికొడుకుల బండారం తవ్వడం. హైటెక్ సిటీలో టీమ్ లీడర్‌నని చెప్పుకునేవాడు నిజంగా లీడరో, టీమ్‌కు టీలు అందించేవాడో కనుక్కుని అమ్మాయివాళ్లకు చెబుతాను. సాఫ్ట్‌వేర్ సంబంధాలు పెరిగిన కొద్దీ అబద్ధాలూ పెరిగాయి, నా ఇల్లు గడుస్తోంది. ఇలాంటి దెబ్బల కేసు ముట్టుకోకూడదనే అనుకున్నాను. కానీ పొద్దున్నే రామమ్మ వచ్చి నా గది గుమ్మంలో కూర్చుంది. మా షాబాద్ మనిషి. ఈ ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది, ఆమె పెనిమిటి మారయ్య ఇక్కడే వాచ్‌మన్. ఏడవలేదు. "అక్కా, ఆయన కోడిని కొయ్యమంటెనే చేతులు వణుకుతయ్. మనిషినెట్ల కొడ్తడు?" అని మాత్రం అడిగింది.

దెబ్బ తిన్నది ఫామ్‌హౌస్ యజమాని శ్రీరామమూర్తి. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరైన కోస్తా పెద్దమనిషి. తుగ్యానీ, అంటే మూసీకి వచ్చిన ఆ పెద్ద వరదకు ముందు, ఎవరో ఒక ఫోటోగ్రాఫర్ నది ఒడ్డునూ బ్రిడ్జినీ గాజు పలకల మీద ఫోటోలు తీశాడు. ఆ ప్లేట్లు పన్నెండు ఈయన దగ్గరున్నాయి. అందులో తొమ్మిదోది ఇప్పుడు కోర్టుకు కావాలి. బ్రిడ్జికి ఎగువన జనం స్నానాలు చేసే రేవు ఉండేదని, ఆ ఒడ్డు అందరిదని కొందరు కేసు వేశారు. అక్కడ ఏ రేవూ లేదని, ఆ రేవు ఉంటే గింటే బ్రిడ్జికి దిగువన ఉండేదని ఒక బిల్డింగ్ కంపెనీ వాదన. సాక్ష్యం ఆ ప్లేటే. బుధవారం దాన్ని వకీలుకు ఇవ్వాల్సిన శ్రీరామమూర్తిని మంగళవారం సాయంత్రం ఫామ్‌హౌస్‌లో ఆ ప్లేట్లు పెట్టుకున్న గదిలోనే ఎవరో తల మీద కొట్టారు. ప్లేట్ల పెట్టె మాయమైంది. ఆయన నగరంలో దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడు.

గేటు రామమ్మే తీసింది. ఆమె వెనక ఇస్త్రీ నలగని చొక్కాతో వంశీకృష్ణ నిలబడి ఉన్నాడు. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు, ట్రూలైన్ ఇన్వెస్టిగేషన్స్ అని పేరు, చేతిలో ల్యాప్‌టాప్ సంచి. ముప్పై అయిదుకు మించవు. ఈ కేసు చూస్తున్నది తనే.

"మీరు పెళ్లి సంబంధాలు చూసే మేడమ్ కదా. ఇక్కడ పెళ్లికొడుకులెవరూ లేరే?"

"నువ్వున్నవ్ కద సార్. వయసు దాటిపోతున్నది, జర నీ సంగతి గూడ చూస్త."

నవ్వాడు. నవ్వడం వచ్చినవాడే. "చూడండి. కేసు అయిపోయింది. వాచ్‌మన్ గడ్డపార గది వెనకాల దొరికింది. గదిలో అతని బురద కాళ్ల ముద్రలు, కడగకముందే ఫోటోలు తీశాను. పెట్టెలో ఏదో విలువైనది ఉందనుకున్నాడు, గాజు ముక్కలు కనపడేసరికి ఎక్కడో పారేశాడు. నాలుగింటికి ఎస్సైగారు వస్తారు. ఈలోపు మీరు కాఫీ తాగి వెళ్లొచ్చు."

"మనిషిని నిన్న పొద్దుగాల ఎనిమిదింటి సంది మోటరు గదిల పెట్టి తాళమేసినవట. నీకేం అధికారమున్నది?"

"పారిపోతాడని. ఓనర్ వైపు నుంచి నాకు ఫుల్ అథారిటీ ఉంది."

"అయితె ఆ అథారిటీతోనే నన్ను గది చూడనియ్. నాకు దొరికేదేం లేదంటున్నవ్ గద, భయమెందుకు?"

అతనికి ఆ మాట తగిలింది. తాళంచెవుల గుత్తి జేబులోంచి తీసి వేలి చుట్టూ తిప్పుతూ, మూడు గంటల వరకు ఎక్కడైనా తిరగొచ్చన్నాడు.

ముందు మోటరు గదికి వెళ్లాను. చేతులు పట్టేంత కిటికీ, దానికి ఇనుప చువ్వలు. లోపల మారయ్య గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. కాళ్లకు మంగళవారం బురద ఇంకా ఎండి ఉంది. ఆ బురద చూస్తే నాకు కోపం నసాళానికి ఎక్కింది. కడుక్కోవడానికి చెంబెడు నీళ్లయినా ఇవ్వలేదు.

"మారయ్యా, ఏడ్వకు. గంటలు చెప్పు. మంగళవారం పొద్దుమీకి ఎప్పుడేం జరిగింది?"

"మూడు గొట్టంగ చేవెళ్ల ఫోటో సేటు వచ్చిండమ్మా. ఫోటో ఇచ్చి నాలుగు గాకముందే పోయిండు. మా రామమ్మ సార్‌కు చాయ ఇచ్చి, అయిదింటికి వాళ్ల చెల్లె తానికి ఊళ్లెకు పోయింది. త్రీఫేజ్ కరెంటు ఆరింటికి వచ్చింది. నేను మోటరేసి మునగ తోటల మళ్లకు నీళ్లు మలుపుకుంట ఉన్న."

"ఇంటికెప్పుడు వచ్చినవ్?"

"సార్ ఏడున్నరకు గోళీలేస్కోవాలె. యాది చేద్దామని ఏడూ ఇరవైకి వచ్చిన. దర్వాజ తెరిచి ఉన్నది. సార్ కింద పడి ఉన్నడు. గట్లనే బురద కాళ్లతోని లోపటికురికిన. నా తాన ఫోను లేదు. పక్క రిసార్టుకు ఉరికి దవాఖానకు ఫోను కొట్టిపిచ్చిన."

ఈ మాటొక్కటి నేను అప్పటికే సరిచూసుకుని వచ్చాను. రిసార్టు కౌంటరులో బయటికి చేసిన ఫోన్లు రాసే పుస్తకం ఉంది. మంగళవారం, 7.26, అంబులెన్స్, పక్క ఫామ్ వాచ్‌మన్ అని అక్కడి పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

"దారిల బండి ఏదన్న చూసినవా? చప్పుడేమన్న?"

"మోటరు మోతల ఏం వినపడ్తదమ్మా." లేచి చువ్వలు పట్టుకున్నాడు. "సార్ బతుకుతడా?"

తన గురించి కాదు, సారు గురించి అడిగాడు. బతుకుతాడని చెప్పాను. నాకు తెలియదు. కానీ ఒకటి మాత్రం తెలుసు. కొట్టిందెవరో చూసిన మనిషి శ్రీరామమూర్తి ఒక్కడే. ఆయన నోరు తెరిస్తే మారయ్య ఇంటికి పోతాడు. ఆయన కన్ను మూస్తే ఇది హత్య కేసవుతుంది, ఈ బురద కాళ్లే మారయ్యను ఉరికంబం దాకా నడిపిస్తాయి.

రెండూ పదికి గది తాళం తీశారు. నిన్న పొద్దున తొమ్మిది నుంచి ఆ తాళంచెవి వంశీకృష్ణ జేబులోనే ఉందట. పొడుగాటి గది, ఎడమ పక్క దర్వాజ, కుడి పక్క కిటికీ, మధ్య గోడకు తొమ్మిది పెద్ద ఫోటోలు. మిగతా మూడు ప్లేట్లకు ఇంకా ప్రింట్లు తీయించలేదట. ప్లేట్ల పెట్టె ఉండే బల్ల ఖాళీగా ఉంది. నేల కడిగేశారు. వంశీకృష్ణ దర్వాజకు ఆనుకుని సెల్‌ఫోన్ నొక్కుకుంటున్నాడు. ఫోను నొక్కుతున్నాడే గానీ కళ్లు నా మీదే ఉన్నాయి.

గోడ మీది ఫోటోలు వరసగా చూసుకుంటూ పోయాను. నది, ఇసుక, ఏనుగుకు స్నానం, చాకలి బండలు, బ్రిడ్జి కమాన్లు. ప్రతి ఫోటో కింద అట్ట మీద పెన్సిల్‌తో చిన్న బాణం గుర్తు ఉంది. నీళ్లు ఏ దిక్కుకు పారుతున్నాయో ఆ గుర్తు చెబుతుంది. జీవితమంతా కాలువలు గీసిన ఇంజనీరు ఫోటోకు కూడా ప్రవాహం చూపించకుండా ఊరుకోలేకపోయాడు.

ఎనిమిదో ఫోటో, తొమ్మిదో ఫోటో ఒకే చోట నిలబడి ఒకే రోజు తీసినవి. కింద ఆ సంగతీ రాసి ఉంది. రెంటిలోనూ బ్రిడ్జి ఉంది, దాని పక్కన కమాన్ల మేడ ఉంది. ఎనిమిదిలో మేడ బ్రిడ్జికి ఎడమ పక్క. తొమ్మిదిలో కుడి పక్క. ఇంత మేడ బ్రిడ్జి దాటి అవతలికి ఎట్లా దుమికింది?

సంచిలోంచి భూతద్దం తీశాను. పెళ్లికొడుకుల సర్టిఫికెట్ల మీద స్టాంపులు చూసే అద్దం అది. తొమ్మిదో ఫోటోలో కిటికీ వైపు అంచున రేవు మెట్లున్నాయి. మోకాటి లోతు నీళ్లలో ఒకాయన మన వైపు మొహం పెట్టి నిలబడి, చేతిలోంచి నీళ్లు వదులుతున్నాడు. జంధ్యం ఎడమ భుజం మీద సక్రమంగానే ఉంది. నీళ్లు మాత్రం ఎడమ చేతిలోంచి జారుతున్నాయి.

నాకు మా తాత తద్దినం గుర్తొచ్చింది. ఎడమ చేత్తో నీళ్లు వదిలితే ఏ పంతులైనా వీపు చీరేస్తాడు.

"ఏమైనా దొరికిందా మేడమ్?" అన్నాడు వంశీకృష్ణ.

"పాత ఫోటోలు సార్. చూస్తుంటె పొద్దే తెల్వదు."

రెండున్నరకు గేటు బయట స్కూటర్ చప్పుడైంది. పోయిన ప్లేట్ల జాబితా మీద సంతకం చేయమని వంశీకృష్ణే చేవెళ్ల నుంచి రామేశ్వర్ సేటును పిలిపించాడట. మనిషి సన్నగా, నుదుట విభూతితో, చంకలో కాగితాల కవరుతో వచ్చాడు. చేవెళ్ల బస్టాండు ఎదురుగా స్టూడియో. తండ్రి కాలం నుంచి ఉన్న డార్క్‌రూమ్‌ను మూసేయకుండా ఇంకా నడుపుతున్నవాడు ఆ చుట్టుపక్కల ఈయనొక్కడే. అందుకే శ్రీరామమూర్తి ఆ గాజు ప్లేట్లకు ప్రింట్లు ఈయన దగ్గరే తీయించాడు.

సంతకానికి కలం తీస్తుంటే ఆపాను. "సేటూ, ఒక్క నిమిషం. తొమ్మిదో ప్రింటు తీసింది మీరేనా?"

ఆయన మొహం చిన్నబోయింది. "తీసినమ్మా. రెండుసార్లు తీసిన. మొదటిపారి తప్పు చేసిన."

"ఏం తప్పు?"

వంశీకృష్ణ గడియారం చూపించి, "ఇవన్నీ ఇప్పుడెందుకు" అన్నాడు. రామేశ్వర్ సేటుకు ఆ తప్పు నాలుగు రోజులుగా కడుపులో ఉన్నట్టుంది. ఆగలేదు.

"గాజు ప్లేటుకు ఒక దిక్కు ఫోటో పడే మందు ఉంటదమ్మా. ఆ దిక్కు చూసి ప్రింటు తియ్యాలె, లేకపోతె కుడి ఎడమైతది. ఈ ప్లేట్లేమో నూరేండ్ల కిందటివాయె. రెండు దిక్కుల మెరుగు పూసిన్రు. ఏది ముందో ఏది ఎన్కనో తెల్వలే. గట్ల అనుమానం వస్తే మా నాయిన చెప్పిన పద్ధతొకటున్నది. ఫోటోల మనుషుల్ని చూడాలె. ఆడామె పైట ఏ భుజం మీదున్నదో, మొగాయన జంధ్యం ఏ భుజం మీదున్నదో చూస్తె ప్లేటు సంగతి తెలుస్తది."

"జంధ్యం చూసిన్రా?"

"చూసిన. ఆ నీళ్లల్ల నిలబడ్డాయన జంధ్యం కుడి భుజం మీద ఉన్నది. ఓహో, ప్లేటు తిరగబడ్డదనుకున్న. తిప్పి ప్రింటు తీసిన. జంధ్యం ఎడమ భుజానికి వచ్చింది. నేనేదో దిద్దిననుకున్న."

"మరి?"

"ఆదివారం పంపిస్తె సార్ ఫోను చేసి తిట్టిండు. 'ఏమయ్యా సేటూ, నువ్వూ జంధ్యం వేసుకున్నవాడివే కదా, ఆయన నీళ్లలో దక్షిణం వైపు తిరిగి తర్పణం వదులుతున్నాడయ్యా, పితృకార్యంలో జంధ్యం కుడి భుజానికి మార్చుకోవా నువ్వు' అన్నడు. నాకు తల కొట్టేసినట్టయింది. పోయిన నెలనే మా నాయిన తద్దినం పెట్టిన. నేను గూడ గట్లనే మార్చుకున్న. చేత్తో చేసిన పని కండ్లకు యాదికి రాలే."

నాకు ఆ మనిషి మీద జాలేసింది. జంధ్యం లేనివాడైతే ఈ తప్పు చేసేవాడు కాదు, ప్లేటు ఎట్లా ఉంటే అట్లా తీసి ఇచ్చేవాడు. తెలిసినవాడు కాబట్టే బోల్తాపడ్డాడు.

"సరిగ్గ తీసిన ప్రింటు ఎప్పుడిచ్చిన్రు?"

"మంగళవారం మూడింటికి. నేనే ఫ్రేము కట్టి, నేనే గోడకు తగిలిచ్చిన. సార్ పెన్సిల్‌తోని బాణం గీసిండు. 'ఇప్పుడు రేవు బ్రిడ్జికి ఎగువన ఉంది, ఇక వాళ్లు నోరెత్తరు' అన్నడు."

నేను గోడ వైపు చెయ్యి చూపించాను. "ఇదేనా?"

సేటు కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి వెనక్కి తిరిగాడు.

"ఇది కాదమ్మా. ఇది నేను చెడగొట్టిన ప్రింటు."

"అది ఎవరి తాన ఉండె?"

"నా తాననే ఉండె. నిన్న పగటీలి పన్నెండింటికి..." ఆగిపోయాడు. కళ్లు వంశీకృష్ణ మీద నిలిచాయి. "నిన్న ఈ సారే వచ్చి కేసుకు కావాలని తీసుకపోయిండు."

వంశీకృష్ణ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"తీసుకెళ్లాను. ఫైల్లో ఉంది. ఈయన మంగళవారం ఏది తగిలించాడో ఈయనకే గుర్తుండి ఉండదు. ఒకసారి పొరపాటు చేసినవాడు రెండోసారి చేయడా?"

"అట్లనే అనుకుందాం." వంటింటి వైపు పిలిచాను. "రామమ్మా, ఇటు రా."

రామమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఫోటో చూపించకుండా అడిగాను. "మంగళవారం కొత్త ఫోటో పెట్టినంక నువ్వు చూసినవా?"

"చూడకేం అక్కా. చాయ ఇయ్యబోతె సారే పిలిచి చూపెట్టిండు. 'ఈయన వాళ్ల తాతలకు నీళ్లిస్తున్నాడు రామమ్మా' అన్నడు. మా మామకు గూడ గట్లనే నీళ్లిడుస్తరా అని అడిగిన."

"ఆ మనిషి ఏ దిక్కున్నడు?"

"దర్వాజ దిక్కు. ఇగో, నేను నిలబడ్డ దిక్కే. నిన్న పొద్దుగాల ఏడింటికి నెత్తురు కడిగి, అద్దాలు తుడిచినప్పుడు గూడ ఈ అంచుకే ఉన్నడు. సార్ బతకాలె నాయినా అని ఆయనకు దండం గూడ పెట్టుకున్న."

చెప్పి అప్పుడు ఫోటో వైపు తిరిగింది. వెతికింది. ఆ మనిషి కిటికీ దిక్కు అంచున నీళ్లు వదులుతున్నాడు. రామమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇదేందక్కా, ఈయన అటెట్ల పోయిండు?"

నేను వెళ్లి ఫ్రేమును గోడ మీంచి దింపాను. వంశీకృష్ణ ముట్టుకోవద్దన్నాడు. సేటు మాత్రం అప్పటికే అవతలి అంచు పట్టుకున్నాడు. బల్ల మీద బోర్లా పెట్టాం. వెనక ఖాకీరంగు కాగితం అంటించి ఉంది. ఆ కాగితానికి ఏ గుర్తూ లేదు, చుట్టూ ఉన్న కట్టె మీద మాత్రం ఊదారంగు సిరాతో సగం ముద్ర ఉంది.

"నాది," అన్నాడు సేటు. "ముద్ర సగం కాగితం మీద, సగం కట్టె మీద పడేటట్టు కొడ్త. గిరాకీలు ఫ్రేము విప్పి దుమ్ము పడ్డదని నా మీదికే వస్తరు, గందుకని. కట్టె నాదే. కాగితం నాది కాదు. ఎవరో విప్పి మళ్ల అంటుపెట్టిన్రు."

ఇంతవరకు సార్ సార్ అన్నాను. ఇక ఆ మర్యాద నా నోట రాలేదు.

"విను వంశీకృష్ణా. నిన్న ఏడింటికి ఫోటో సరిగ్గనే ఉన్నది. ఎనిమిదింటికి మారయ్యను మోటరు గదిల పెట్టినవ్, కాబట్టి ఆయన చెయ్యి దీని మీద పడలే. తొమ్మిదింటికి ఈ గదికి తాళమేసి చెవి నీ జేబుల వేసుకున్నవ్. పన్నెండింటికి చేవెళ్ల పోయినవ్. అక్కడ సేటు నోట రెండు సంగతులు విన్నవ్. తొమ్మిదో ప్లేటుకు అసలు ప్రింటొకటి గోడ మీద ఉన్నదని, తిరగబడ్డ ప్రింటొకటి స్టూడియోల ఉన్నదని. అసలుది తీసేస్తె గోడ బోసిగ కనపడ్తది. అదే సార్ గీసిన బాణం గట్లనే ఉంచి తిరగబడ్డది పెడితె రేవు సీదా బ్రిడ్జికి దిగువకు పోతది, కంపెనీ చెప్పినట్టే అయితది. జంధ్యం గూడ ఎడమ భుజానికి వస్తది. చూసినోళ్లకెవరికీ అనుమానం రాదు."

అతను చప్పట్లు కొట్టలేదు, కోప్పడలేదు. బల్ల మీద వేలితో తాళం వేశాడు.

"బాగుంది మేడమ్. పనిమనిషి జ్ఞాపకం, ఫోటోషాపు ముద్ర. సరే, ప్రింటు నేనే మార్చాననుకోండి. దానికి మహా అయితే నా లైసెన్స్ పోతుంది. మంగళవారం సాయంత్రం ముసలాయన్ని కొట్టింది మారయ్య కాదని ఎక్కడ తేలింది? నేను ఈ కేసులోకి వచ్చిందే దెబ్బ తగిలిన తర్వాత."

వాడు చెప్పింది నిజం. ప్రింటు మార్చినవాడు దొంగే, కొట్టినవాడని రుజువు కాదు. మారయ్య తాళం ఆ ప్రింటుతో తెరుచుకోదు.

అప్పుడే అతని ఫోను మోగింది. విన్నాడు. "ఎప్పుడు? సరే. ఎవర్నీ పంపొద్దు, నేనొస్తున్నా" అని మాత్రం అన్నాడు. రెండూ యాభై అయిదైంది. ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, "ఎస్సైగారికి నాలుగింటికి మీరే ఈ కథ చెప్పండి, ఆయనకీ టైంపాస్" అని మెట్లు దిగాడు. తాళంచెవులు అతనితోనే పోయాయి. తెల్ల కారు మొయినాబాద్ రోడ్డెక్కి నగరం వైపు తిరగడం కిటికీలోంచి చూశాను. చేవెళ్ల సేటు ముందు ఓడినవాడు పారిపోతున్నాడని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. సిగ్గులేని సంతోషం.

మారయ్యను వదలమని చెప్పగలిగింది ఇక యజమాని భార్య రాజ్యలక్ష్మి గారే. వంశీకృష్ణకు అథారిటీ ఇచ్చిన మనిషి దాన్ని వెనక్కి తీసుకోవాలి. రామమ్మ దగ్గర నంబరు తీసుకుని నా నోకియా నుంచి చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"అమ్మా, నేను రామమ్మ తరఫు మనిషిని, అన్నపూర్ణని. మీరు పెట్టుకున్న డిటెక్టివ్ గురించి మాట్లాడాలె."

"నేనెక్కడ పెట్టుకున్నానండీ? మా ఆయన పెట్టుకున్నారు. ప్లేట్లకి కాపలాకని వారం కిందటే మాట్లాడుకున్నారట. వంశీ గారే చెప్పారు."

దెబ్బ తర్వాతే వచ్చానని నాతో అన్నాడు. "ఆయన మీకెప్పుడు చెప్పిండు?"

"మంగళవారమేనండీ. నేను సిటీలో మా ఇంట్లో ఉన్నాను. మీవారికి దెబ్బ తగిలింది, వాచ్‌మన్ మాకు ఫోన్ చేశాడు, మీరు కంగారుపడకండి అని ఆయనే ఫోన్ చేశారు."

"ఎన్ని గంటలకమ్మా? జర యాది చేసుకుని చెప్పున్రి."

"యాదేముందండీ, ఏడు గంటల వార్తలు అప్పుడే మొదలయ్యాయి. ముఖ్యాంశాలు చదువుతున్నారు. టీవీ కట్టేయడానికి కూడా చేతులాడలేదు."

ఏడు గంటలకు. మారయ్య తోటలోంచి ఇంటికి వచ్చింది ఏడూ ఇరవైకి. మారయ్యకు ఫోనే లేదు. అతను పక్క రిసార్టుకు పరిగెత్తి చేయించిన మొదటి ఫోను ఏడూ ఇరవై ఆరుకు, అదీ అంబులెన్సుకు. ఏడింటికి శ్రీరామమూర్తి కింద పడి ఉన్నాడని తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉంటాడు.

పడేసినవాడు.

"మారయ్యకు ఫోన్ లేదమ్మా," అన్నాను. "మీరిప్పుడు సార్ దగ్గర్నే ఉన్నరు గద?"

"లేదండీ, ఇంటికొచ్చాను. రెండు రోజులైంది ఒంటి మీద నీళ్లు పోసుకుని. వంశీ గారు తన మనిషిని అక్కడ కూర్చోబెట్టి నన్ను పంపించారు. మీకో మంచి మాట చెప్పనా? ఆయన కళ్లు తెరిచారట. ఇందాకే ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. ఏదో చెప్పాలని పెదాలు కదుపుతున్నారట."

రెండూ యాభై అయిదుకు వంశీకృష్ణకు వచ్చిన ఫోను అదే. అజీజ్‌నగర్ నుంచి ఆ దవాఖానకు కారులో నలభై నిమిషాలు. పది నిమిషాలు అప్పుడే గడిచాయి.

"అమ్మా, ఉన్నపళంగ దవాఖానకు ఫోన్ చెయ్యున్రి. సార్ గదిల ఉన్న మనిషిని బయటికి పంపమని చెప్పున్రి. వంశీకృష్ణను లోపటికి రానియ్యద్దని డాక్టర్‌కు చెప్పున్రి. నేను బయలెల్లుతున్న."

రాజ్యలక్ష్మి గారు మెల్లగా అన్నారు.

"ఇందాకే నర్సుకి ఫోన్ చేశానండీ. వంశీ గారు అడిగారని, ఆయన వచ్చేవరకు ఆ గదిలోకి ఎవర్నీ వెళ్లనివ్వొద్దని చెప్పాను. డాక్టర్ని కూడా."